భోంగా పెట్టెకు బెంజో గొంతు

ముంబయి పోయొచ్చిన వాళ్లను గల్లీలో ఎవరైనా అడిగితే గేట్‌వే, మహాలక్ష్మి గుడి, చౌపాటీ అని చెప్తారు. పోయిన ఎండాకాలంలో నేను, మా అక్క కొడుకు చూసొచ్చిన ముంబయిలో ఇవేవీ లేవు. దాదర్‌లో బండి దిగి లామింగ్టన్ రోడ్డు, అక్కడి నుంచి చోర్ బజార్, మళ్లీ లామింగ్టన్ రోడ్డు. రెండు రోజులూ ఇదే తిరుగుడు. చేతిలో పన్నెండు కిలోల ఇనుప పెట్టె ఒకటి. ఆ పెట్టె సంగతి, ఆ బజార్ల సంగతి మన పత్రిక చదివేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇట్లాంటి పెట్టెలు మన యూనియన్ ఆఫీసుల అటకల మీద, గుళ్ల స్టోరు రూముల్లో, మండపం సామాను కిరాయికిచ్చే వాళ్ల గోదాముల్లో ఇంకా పడి ఉన్నాయి.

మాది షోలాపూర్ పూర్వభాగ్. మన పద్మశాలీల వాడ. మా తాత తెలంగాణ నుంచి వచ్చి చేతిమగ్గం మీద కూర్చున్నాడు. మా బాపు మిల్లులో నేత ఖాతాలో చేశాడు. నేను సాంచా మీద టవల్ నేస్తున్నాను. మిల్లు డ్యూటీ దిగినాక బాపుకు ఇంకో పని ఉండేది. గేటు ముందు సభ పెట్టినా, నారళీ పౌర్ణమినాడు మార్కండేయ మహాముని రథం తీసినా, గల్లీలో పెళ్లయినా మైకు సెట్టు పెట్టేది ఆయనే. ఆ సెట్టే ఈ పెట్టె. మండలి చందాలతో కొన్నది. తర్వాత ట్రాన్సిస్టర్ సెట్టు వచ్చేసరికి మండలివాళ్లు దీన్ని బాపుకే ఇచ్చేశారు. మిల్లు మూతపడ్డ ఏడు బాపు దాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టిండు. మళ్లీ దించలేదు.

పెట్టె మీద కంపెనీ పేరు పట్టీ ఎప్పుడో ఊడిపోయింది. ముందు భాగంలో తిప్పే నాబులు: రెండు మైకులకు రెండు, రికార్డు ప్లేయరుకు ఒకటి, టోనుకు ఒకటి. వెనక భోంగాలకు వైర్లు బిగించే మరలు. హారన్ లౌడ్‌స్పీకర్‌ను మా దగ్గర భోంగా అంటాం. పైన ఇనుప జాలీ. జాలీ కింద గాజు వాల్వులు ఆరు. వాల్వు అంటే గాలి తీసేసిన గాజు గొట్టం. లోపల క్యాథోడ్ కాగి ఎర్రబడితే అందులో నుంచి ఎలక్ట్రాన్లు లేచి ప్లేటు దిక్కు పోతాయి. నడుమ గ్రిడ్ అనే సన్నని తీగల అల్లిక ఉంటుంది. గ్రిడ్ మీద చిన్న వోల్టేజి మారితే ప్లేటుకు పోయే పెద్ద కరెంటు మారుతుంది. నల్లా చెవి కొంచెం తిప్పితే ధార అంతా మారినట్టు. మా పెట్టెలో ఒక ఈజెడ్-81 ఉంది, అది ఏసీ కరెంటును డీసీ చేస్తుంది. మూడు ఈసీసీ-83లు సన్నని మైకు శబ్దాన్ని పెంచుతాయి. చివర రెండు ఈఎల్-84లు జంటగా భోంగాను మోగిస్తాయి. ఆ జంట బలం సుమారు 15 వాట్లు. ఇప్పటి డీజే వాళ్లు వింటే నవ్వుతారు. కానీ ఆ 15 వాట్లతోనే గేటు సభ మాటలు వెనక వరుస దాకా వినపడేవి.

ఇప్పుడు బెంజో సంగతి. ఒడిశా, యానాం దిక్కు చదివేవాళ్లు బెంజో అంటే అమెరికా వాళ్ల తోలు వాయిద్యం అనుకోవచ్చు. మహారాష్ట్రలో మేము బెంజో అనేది బుల్‌బుల్ తరంగ్‌ను. చెక్క పెట్టె మీద తీగలు, వాటి మీద టైపు మిషను లాంటి మీటలు. ఎడమ చేత్తో మీట నొక్కి కుడి చేత్తో తీగ మీటాలి. దీని మూలం జపాన్. నగోయాలో గోరో మొరితా అనే ఆయన 1912లో చేసిన తైషోగోతో అనే వాయిద్యమే మన దేశానికి వచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది. దానికి పికప్ తగిలించి కరెంటు మీద వాయించేదే బెంజో పార్టీ బెంజో. ముంబయి గణపతి ఊరేగింపుల్లో, ముఖ్యంగా మిల్లుల వాడల్లో, ఢోల్, తాషాల నడుమ పాట నడిపేది అదే. 2016లో 'బెంజో' పేరుతో హిందీ సినిమా కూడా వచ్చింది.

మా అల్లుడు, అంటే అక్క కొడుకు, పగలు సైజింగ్‌లో పని చేస్తాడు, పండుగలకు బెంజో పార్టీలో వాయిస్తాడు. వాడి దగ్గరున్న చిన్న యాంప్లిఫయర్‌లో బెంజో రేకు డబ్బా మీద గీకినట్టు వినిపిస్తుంది. పెంచితే చెవిలో గుచ్చుతుంది. ఫోనులో ఏవో చూసి, పాత వాల్వు సెట్టును వాయిద్యం సెట్టుగా మార్చుకోవచ్చని ఎవరో చెప్పగా విని, ఒక ఆదివారం అటక ఎక్కి గోనెసంచి విప్పిండు.

ఇంట్లో మూడు మాటలు లేచినయ్. మా అన్న, "భంగారోనికి ఇయ్యి, ట్రాన్స్‌ఫార్మర్లల్ల రాగి ఉంటది, కిలో లెక్కన మంచి పైసలొస్తయ్" అన్నాడు. అల్లుడు, "వద్దు మామా, నాకియ్యి" అన్నాడు. బాపు చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "అది మాట్లాడే మిషను. పాడే మిషను గాదు" అన్నాడు. అమ్మమనీ అనలేదు, మార్చమనీ అనలేదు. తెలిసినవాళ్లను అడిగి తేల్చుకుందామని నేనే అన్నాను. మా వాడలో వాల్వు సెట్లు బాగుచేసే ఆయన చనిపోయి చాలా ఏండ్లయింది. వాళ్ల పిల్లలు మొబైల్ దుకాణం పెట్టుకున్నారు. వాళ్లే చెప్పారు, లామింగ్టన్ రోడ్డులో ఒక తెలుగు ముసలాయన ఇంకా ఈ పని చేస్తాడని.

రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దాదర్. అక్కడి నుంచి వెస్టర్న్ లైను స్లో లోకల్: ప్రభాదేవి, లోయర్ పరేల్, మహాలక్ష్మి, ముంబయి సెంట్రల్, గ్రాంట్ రోడ్. ఐదో స్టేషన్. ఈ ఐదు స్టేషన్ల దారి మనవాళ్లకు తెలిసిన దారే. ఒకప్పుడు దీని రెండు పక్కలా మిల్లులే. వర్లీ బీడీడీ చాళ్లల్లో ఉన్న మన తెలుగువాళ్లు సైరను మోగితే నడిచి డ్యూటీకి పోయిన మిల్లులు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ తర్వాత చాలామందికి మళ్లీ గేటు తెరుచుకోలేదు. ఇప్పుడు ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట మాల్, కమలా మిల్లులో ఆఫీసులు, హోటళ్లు. అక్కడక్కడ ఒక పొగగొట్టం మిగిలింది. అల్లుడు కిటికీలో నుంచి చూసి, "చిమ్నీ ఒక్కటే ఎందుకు ఉంచిండ్రు మామా?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. పెట్టె ఒళ్లో పెట్టుకొని కూర్చున్నా.

గ్రాంట్ రోడ్‌లో తూర్పు దిక్కు దిగితే కొంచెం నడకలో లామింగ్టన్ రోడ్డు. బోర్డుల మీద డాక్టర్ దాదాసాహెబ్ భడ్కంకర్ మార్గ్ అని ఉంటుంది కానీ ఆ పేరు చెప్తే టాక్సీవాడు కూడా రెండుసార్లు అడుగుతాడు. రోడ్డంతా కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, కేబుళ్ల దుకాణాలు. వాటి నడుమ సందుల్లో, మెట్ల కింద, అడ్డంగా చేయి చాపితే రెండు గోడలూ తగిలేంత దుకాణాల్లో రెసిస్టెన్సులు, కండెన్సర్లు, స్విచ్చులు, నాబులు కాగితపు సంచుల్లో అమ్ముతారు. ఒకటి కావాలన్నా ఇస్తారు. ఊళ్లల్లో దొరకని చిన్న సామాను కోసం రేడియో మెకానిక్కులు ఎన్నో ఏండ్ల నుంచి ఈ రోడ్డుకే వస్తున్నారు.

ముసలాయన గది ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తు. కర్ర మెట్లు. కామాఠీపురాలో పుట్టి పెరిగిన మనిషి. కామాఠీపురా అంటే ఊళ్లో జనం ఇంకో సంగతి అనుకుంటారు కానీ ఆ పేరు వచ్చింది మనవాళ్ల వల్లనే. నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ పట్నం ఇండ్లు కట్టిన తెలుగు కూలీలను కామాఠీలు అన్నారు. వాళ్లున్న వాడ కామాఠీపురా. మేము తెలుగులో పలకరించగానే ఆయన కళ్లద్దాలు నెత్తి మీదికి ఎత్తి, "షోలాపురమా? కూసోండ్రి. పెట్టె మాత్రం టేబుల్ మీద పెట్టకుండ్రి, ముందుగల్ల కింద పెట్టుండ్రి" అన్నాడు.

అల్లుడు ప్లగ్గు చేతిలో పట్టుకొని బోర్డు దిక్కు చూస్తుంటే ఆయన గట్టిగానే గదమాయించిండు. "ఏండ్ల తరబడి పండుకున్న మిషన్‌కు ఒక్కసారే 230 వోల్టులు ఇస్తవా? ముసలోన్ని లేపి పరుగుపందెంల నిలవెడ్తరా ఎవరన్న?" లోపలి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయట. నేరుగా కరెంటు ఇస్తే అవి పేలవచ్చు, వాటితో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కాలవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే పెట్టె నిజంగానే భంగారం.

ఆయన ముందు ఆరు వాల్వులూ పీకి గుడ్డ మీద వరుసగా పెట్టాడు. ఒక చెక్క మీద 100 వాట్ల గుండు బల్బు సీరీస్‌లో ఉంది. దాని గుండా కరెంటు ఇచ్చాడు. "ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, లోపల తీగ ఉన్న బల్బే కావాలె" అన్నాడు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి అట్లనే ఉంటుంది. కరెంటంతా బల్బు మింగుతుంది, మిషను బతుకుతుంది. మా పెట్టెకు బల్బు వెలగలేదు. "ట్రాన్స్‌ఫార్మర్ సల్లగున్నది. మీ పెట్టె బతికినట్టే" అన్నాడు.

తర్వాత ప్లగ్గు పీకి, పెట్టె బోర్లించి, అల్లుణ్ణి దగ్గరికి పిలిచాడు. ఇది చదివే పిల్లలు బాగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. వాల్వు సెట్టులో 300 వోల్టుల డీసీ ఉంటుంది, పెద్ద సెట్లలో ఇంకా ఎక్కువ. ప్లగ్గు పీకినా కండెన్సర్లలో ఆ కరెంటు దాక్కొని ఉంటుంది. ఒక చేయి తీగకు, ఇంకో చేయి ఇనుముకు తగిలితే అది గుండె గుండా పోతుంది. ఆయన గురువు దగ్గర తనతో పాటు పని నేర్చుకున్న ఒక పిల్లగాడు అట్లనే పోయాడట. స్విచ్చు ఆపేసే ఉంది. ఆ మాట చెప్పినాక ఆయన కాసేపు పని చెయ్యలేదు.

ఆయన పద్ధతి ఇది. ప్లగ్గు పీకాలి. ఆగాలి. ఒక చేయి వీపు వెనక పెట్టుకోవాలి. 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టెన్సుకు ఇన్సులేషన్ ఉన్న వైర్లు అతికించి, దాంతో కండెన్సర్ రెండు కొసలూ కలిపి కరెంటు దింపాలి. స్క్రూడ్రైవర్ పెట్టి టప్పుమనిపించడం మెకానిక్కుల గొప్ప, తెలివి కాదు. దింపినాక మల్టీమీటరుతో కొలిచి సున్నా చూసి అప్పుడే వేలు పెట్టాలి. అల్లుడితో మూడుసార్లు చేయించాడు. మూడోసారికి వాడు అడగకుండానే ఎడమ చేయి వెనక్కి పెట్టుకున్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. కొన్ని పాత రేడియోల్లో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఏసీ మీద, డీసీ మీద రెండింటి మీదా నడిచేలా చేసినవి. వాటి ఇనుప ఛాసీ నేరుగా కరెంటు లైనుకు తగిలి ఉంటుంది. వాటికి వాయిద్యం తగిలిస్తే తీగ ముట్టుకున్న చేతికి కరెంటు ముట్టినట్టే. అట్లాంటి సెట్లను వాయిద్యానికి ఎన్నడూ మార్చవద్దు. బాగా నడుస్తున్న పాత రేడియోను కూడా విప్పవద్దు. "రేడియో రేడియోగానే ఉండనియ్యి. పని లేక పడి ఉన్నదానికి పని ఇయ్యి" అన్నాడు.

కొనాల్సిన సామాను రాసిచ్చాడు. కండెన్సర్లు, రెసిస్టెన్సులు కింద రోడ్డులోనే దొరికాయి. ఈఎల్-84లలో ఒకదాని లోపల పైన వెండిరంగు పూత తెల్లగా అయిపోయింది. అంటే గాజు పగిలి గాలి దూరింది, ఇక పనికిరాదు. దాని కోసం, ఒక 12 అంగుళాల కాగితపు కోను స్పీకరు కోసం చోర్ బజార్ పొమ్మన్నాడు. భోంగా మాటకు మంచిది, వాయిద్యానికి కాదు. దాంట్లో కింది స్వరం రాదు.

గ్రాంట్ రోడ్ వెంట తూర్పుకు నడిచి, ఎడమ పక్క కామాఠీపురా గల్లీలు దాటి పోతే మటన్ స్ట్రీట్. చోర్ బజార్‌లో పాత సామాను దుకాణాలు అక్కడే. సినిమా పోస్టర్లు, గడియారాలు, ఓడల దీపాలు, గ్రామఫోన్లు, రేడియోలు. ఒక దుకాణంలో చెక్క పెట్టెల రేడియోలు తుడిచి మెరిపించి వరుసగా పెట్టారు. లోపల వాల్వులు లేవు. హోటళ్లవాళ్లు గోడకు అందం కోసం కొంటారట. మా పెట్టె ఫోటో చూపిస్తే దుకాణదారు మంచి ధరే చెప్పాడు. అన్న చెప్పిన భంగారం ధరకు అది చాలా రెట్లు. "పని చెయ్యకున్నా పర్వాలేదు, ఇట్లనే తెండి" అన్నాడు. ఒక్క నిమిషం నా మనసు లాగింది, అబద్ధం ఎందుకు. ఇంట్లో ఖర్చులు ఎవరికి లేవు? కానీ ఆ ఖాళీ రేడియోలు చూసినాక అల్లుడు నా చొక్కా పట్టుకొని బయటికి గుంజిండు.

వాల్వు ఇంకో మూలన దొరికింది. బెంగళూరు బీఈఎల్ ముద్ర ఉన్న ఈఎల్-84 జంట, డబ్బాతో సహా. బీఈఎల్ అంటే భారత్ ఎలక్ట్రానిక్స్. 1954లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ. 1961 నుంచి రేడియో వాల్వులు చేసింది. అవి చేసినవాళ్లలో కూడా మనలాంటి కార్మికుల ఇండ్ల మనుషులు ఉండే ఉంటారు. కన్నడ దేశంలో ఈ పత్రిక చదివే ఇండ్లలో ఎవరైనా ఆ పనికి పోయినవాళ్లుంటే వాళ్ల చేతి పని ఇంకా బతికే ఉందని చెప్తున్నా.

రెండో రోజు అసలు పని. అల్లుడు ఫోనులో చూసిన ముచ్చట ముసలాయన ముందు పెట్టాడు. అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన లెక్కలు రాసే ఉద్యోగం పోతే 1938లో ఫుల్లర్టన్ ఊళ్లో రేడియో రిపేరు దుకాణం పెట్టాడు. సభలకు మైకు సెట్లు చేసి కిరాయికి ఇచ్చాడు. ఆ పనిలో నుంచే ఫెండర్ గిటార్ యాంప్లిఫయర్లు పుట్టాయి. లండన్‌లో జిమ్ మార్షల్‌ది డ్రమ్ముల దుకాణం. అక్కడ రిపేర్లు చేసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే కుర్రవాడు కలిసి 1962లో ఫెండర్ సెట్టు నమూనా మీద మొదటి మార్షల్ సెట్టు చేశారు. మా పెట్టెలో ఉన్నట్టే ఒక జంట ఈఎల్-84లతో 15 వాట్ల వాక్స్ ఏసీ-15 ఇంగ్లండ్‌లో 1958లో వచ్చింది. ముసలాయన విని నవ్వాడు. "అయితే అందరు మనసొంటి రిపేరోళ్లేనన్నట్టు. మైకు సెట్టుకు, గిటారు సెట్టుకు అన్నదమ్ముల వరస. తల్లి ఒక్కతే" అన్నాడు.

తేడా ఎక్కడంటే, మైకు సెట్టు ఉన్న గొంతును ఉన్నట్టు వినిపించాలి. వాయిద్యం సెట్టు తానూ వాయిద్యంలో భాగం కావాలి. తీగ గట్టిగా మీటితే వాల్వు తన హద్దు దాటుతుంది, కానీ మెల్లగా, అంచులు గుండ్రంగా చేసుకుంటూ దాటుతుంది. అందుకే ఆ గరుకు చెవికి ఇంపుగా ఉంటుంది. మామూలు ట్రాన్సిస్టర్ సెట్టు హద్దు దగ్గర టక్కున కోసేస్తుంది. అల్లుడి పాత సెట్టులో చెవిలో గుచ్చింది అదే.

సోల్డర్ ఐరన్ కాగుతుండగా ఆయన అడిగాడు, "రెండు మైకుల దారులున్నయ్. రెండూ బెంజోకు మార్చాల్నా?" అల్లుడు నా మొహం చూశాడు. రెండూ కలిపితే ఒకదాని వెనక ఒకటి పెట్టి గరుకు ఇంకా పెంచవచ్చట. వాడికి ఆశ ఉంది. నేను బాపుకు ఫోను చేశాను. విషయం అంతా విని ఆయన అన్నది ఇంతే: "ఒక నోరు ఉంచుమను. రేపు ఎవలకన్న గేటు ముందట నిలవడే పనొస్తే?"

ఒక మైకు దారి అట్లనే ఉంది. రెండోది బెంజోది అయింది. చేసిన మార్పులు తెలిసినవాళ్ల కోసం చెప్తాను. ఇన్‌పుట్‌లో ఉన్న 100 కిలో ఓముల రెసిస్టెన్సు తీసి 1 మెగా ఓము వేశాడు, పికప్ మీద బరువు పడకుండా. వాల్వు పిన్ను దగ్గరే 68 కిలో ఓములది ఒకటి పెట్టాడు, రేడియో స్టేషన్లు దూరకుండా. ఆ వాల్వు క్యాథోడ్ కండెన్సర్ 25 మైక్రోఫారడ్ ఉండేది, 1 మైక్రోఫారడ్ చేశాడు. దాంతో కింది స్వరాల బుడబుడ తగ్గింది. ఈఎల్-84ల ముందున్న పాత మైనపు కండెన్సర్లు రెండూ తీసేశాడు. అవి డీసీని కార్చుతున్నాయి. గ్రిడ్ మీద సున్నా ఉండాల్సిన చోట 6 వోల్టులు చూపించింది. అట్లా ఉంటే వాల్వు లోపలి ప్లేటు ఎర్రగా కాగి చచ్చిపోతుంది. వాటి జాగాలో 0.022 మైక్రోఫారడ్, 630 వోల్టులవి పడ్డాయి. విద్యుత్తు నిలవ చేసే పెద్ద కండెన్సర్లు కొత్తవి వేశాడు. పెద్దది వేస్తే ఇంకా మంచిది కదా అని అల్లుడు అడిగితే, "ఈజెడ్-81 తర్వాత 50 మైక్రోఫారడ్ దాటొద్దు. ఆకలి ఉన్నంతే పెట్టాలె, ఎక్కువ పెడితే వాల్వే పోతది" అన్నాడు.

ఔట్‌పుట్ నుంచి వెనక్కి వచ్చి శబ్దాన్ని శుభ్రం చేసే ఫీడ్‌బ్యాక్ దారి ఒకటి ఉంటుంది. వాక్స్ ఏసీ-15లో అది లేదు. మా దాంట్లో దానికి స్విచ్చు పెట్టాడు. మైకు మాట్లాడేటప్పుడు వేసుకోవాలి, బెంజోకు తీసేయాలి. వెనక 100 వోల్టుల లైను మరలు భోంగాల కోసం ఉంచి, 8 ఓముల చోట కొత్త స్పీకరుకు జాక్ పెట్టాడు. రెండూ ఒకేసారి తగిలించకూడదు. స్పీకరు లేకుండా మాత్రం సెట్టు ఎన్నడూ వాయించకూడదు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఆఖరుకు రెండు పిన్నుల ప్లగ్గు కోసేసి మూడు పిన్నులది వేసి ఎర్త్ వైరు ఛాసీకి గట్టిగా బిగించాడు. "వాయించెటోని పానం ఈ పచ్చవైరు మీదుంటది" అన్నాడు.

బల్బు సీరీస్‌లో పెట్టి స్విచ్చు వేస్తే బల్బు ఒకసారి వెలిగి మందగించింది. వాల్వుల్లో ఒక్కొక్కటిగా ఎరుపు లేచింది. బల్బు తీసి నేరుగా కరెంటు ఇచ్చి, ఈఎల్-84ల క్యాథోడ్ దగ్గరున్న 130 ఓముల రెసిస్టెన్సు మీద కొలిస్తే 10 వోల్టులు. అంటే వాల్వులు ఎక్కువ కాగడం లేదు, తక్కువా లేదు. అల్లుడు బెంజో సంచిలో నుంచి తీసి ఒక్క తీగ మీటాడు. గది చిన్నది. ఆ స్వరం నిండుగా వచ్చి మెల్లగా సన్నబడింది. గట్టిగా మీటితే కొంచెం గరుకు పుట్టింది, కోపం వచ్చిన మనిషి గొంతులా. పక్క గదిలో కంప్యూటర్లు బాగుచేసే పిల్లలు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

కూలి ఆయన అడిగినంత ఇచ్చాం. తగ్గించమని అడగలేదు. మన కూలి ఎవరన్నా తగ్గిస్తే మనకు ఎట్లుంటదో మనకు తెలుసు. పైసలు లెక్కపెట్టుకొని ఆయన ఇంకో పని చేశాడు. ఒక తెల్ల కాగితం మీద ఆ సర్క్యూటంతా, ఏది మార్చాడో, పాత విలువ ఎంత, కొత్తది ఎంత, స్కేలు పెట్టి గీసి కింది రేకు లోపల అంటించాడు. నేర్చుకునేవాళ్లు వస్తారా అని అడిగాను. ఇద్దరు ముగ్గురు గిటారు పిల్లలు వస్తారు, సెట్టు తీసుకొని పోతారు అన్నాడు. ఆయనకు కళ్లు మసకబారుతున్నాయి. రెసిస్టెన్సుల మీది రంగు పట్టీలు చదవలేక ప్రతిదీ మీటరుతో కొలుస్తున్నాడు. "నేను లేకున్నా ఈ కాగితం ఉంటది. తెరిచినోడు ఎవడైనా సరే, గుడ్డిగ చెయ్యి పెట్టకుండ్రి" అన్నాడు.

ఇంటికి వచ్చినాక బాపు మొదట అడిగింది పాట కాదు, ఆ కాగితం. రేకు విప్పించి అద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు. "మిల్లుల నా మగ్గం చప్పుడు వినే ఏ బోల్టు వదులైందో చెప్పెటోన్ని. ఎవడు రాసుకోలే. నేను గూడ చెప్పలే. మగ్గం భంగారంలకు పోయింది, ఆ ఇద్దె నా తలకాయల్నే ఉన్నది" అన్నాడు. అప్పటి నుంచి వారంలో ఒకటి రెండుసార్లు అల్లుడు నోటుబుక్కు పట్టుకొని ఆయన దగ్గర కూర్చుంటున్నాడు. మొదట్లో మైకు సంగతులే రాశాడు. భోంగాలు ఎదురెదురు పెడితే మాట ఎట్లా చెదురుతుంది, మైకు ముందు భోంగా ఉంటే ఎందుకు కూస్తుంది. ఇప్పుడు మగ్గం సంగతుల దాకా వచ్చారు.

నారళీ పౌర్ణమికి రథం ముందు అల్లుడు ఆ సెట్టు మీదే వాయించాడు. పాటకు పాటకు నడుమ బాపు స్విచ్చు మార్చి మైకు తీసుకొని, పిల్లలు చక్రాలకు దూరం జరగాలని, మంచినీళ్లు ఏ మూలన ఉన్నాయో చెప్పుకుంటూ వచ్చాడు. సాయంత్రం దాకా సెట్టు కాగింది కానీ ఆగలేదు.

మీ దగ్గర ఇట్లాంటి పెట్టె ఉంటే భంగారానికి వేసే ముందు ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ చూపించండి. నేరుగా ప్లగ్గు పెట్టకండి, పిల్లలను ఒంటరిగా విప్పనివ్వకండి. పని తెలిసిన ముసలివాళ్లు మీ ఊళ్లో ఎవరైనా మిగిలి ఉంటే సెట్టు ఒక్కటే పంపకుండా దాంతో పాటు ఒక పిల్లవాణ్ణి, ఒక నోటుబుక్కును పంపండి. మా రేకు లోపల ముసలాయన కాగితం కింద అల్లుడు తెలుగులో మూడు ముక్కలు రాసి అంటించాడు: ప్లగ్గు పీకు. కరెంటు దింపు. కొలిచి చూసి ముట్టుకో.